యాభై నాలుగేళ్ళ చేతులు

ఆ ఏడాది ద్రాక్ష కోతలకి వెళ్ళేనాటికి మా అత్త వయసు యాభై నాలుగు. అంతకుముందు ఏడాదీ యాభై నాలుగే. దానికి ముందు ఏడాదీ అంతే. బస్సు దగ్గర నిలబడి పేర్లు రాసుకునే మేస్త్రికి ఏటా అదే అంకె చెప్పేది, చెప్పేటప్పుడు గొంతు ఇసుమంతైనా తడబడేది కాదు. గుర్తింపు కార్డు వానలో తడిసి పుట్టిన సంవత్సరం చెరిగిపోయిందని చూపించేది. ఆ వాన ఎక్కడ కురిసిందో నాకు తెలుసు. మా బకెట్లో కురిసింది.

తమాషా ఏమిటంటే, అప్పటికి మా ఆయనకి నలభై ఆరు. లెక్క వేస్తే ఆవిడ ఎనిమిదో ఏట కొడుకుని కన్నట్టవుతుంది. అందుకని మా ఆయన కూడా పదేళ్ళు తగ్గించుకుని చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న ముగ్గురిలో నిజం వయసు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. పక్కన కూర్చుంటే మా ఆయన కంటే నేనే పెద్దదాన్నని అందరూ నవ్వేవాళ్ళు.

అత్తకి నిజానికి అరవై ఎనిమిది. అరవై దాటినవాళ్ళని ఎక్కించుకోవద్దని తోట యజమాని కట్టడి. ఎప్పుడో ఎండకి ఒక పెద్దాయన వరుసలోనే కూలబడిపోయాడట, అప్పటి నుంచి. లిస్టులో పేరు ఉంటేనే బస్సులో సీటు, షెడ్డు గదుల్లో మంచం. మేం ఏడాదిలో తొమ్మిది నెలలు ద్రాక్ష, ఉల్లి, టమాటా అంటూ పంటల వెంట తిరిగేవాళ్ళం. పేరు కొట్టేస్తే మేం అటు, ఆవిడ ఇటు. మా ఆడపడుచు ఇంట్లో వంటింటి పక్కన ఒక చాప ఉంది, ఆవిడకి మిగిలేది అదే. ఆ చాప సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆవిడ ఇంకాస్త వేగంగా కోసేది.

తోటలో అందరం ముఖానికి గుడ్డ చుట్టుకునేవాళ్ళం. ఎండ, దుమ్ము, ఆకుల మీద కొట్టిన మందు, ఏదీ లోపలికి పోకుండా కళ్ళు మాత్రం బయటికి ఉండేవి. మాకది గుడ్డ. మా అత్తకి అది తలుపు. తెల్లవారి బస్సెక్కే ముందు వేసుకుంటే మళ్ళీ గదిలోకి వచ్చాకే తీసేది. జుట్టుకి రెండు ఆదివారాలకోసారి నేనే రంగు వేసేదాన్ని. చేతి వేగం చూసి తోటలో అందరూ ఆవిడని కత్తెరమ్మ అనేవాళ్ళు. గుత్తి కోయడానికి ఆవిడ కత్తెర ఒక్కసారే పలికేది. మాది రెండు మూడు సార్లు.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నాకు ఉత్తమురాలిని అయ్యే అవకాశం ఒక్క పూట కూడా దొరకలేదు. గదిలో పక్క మంచం ఆవిడదే, తోటలో ఎదురు వైపు ఆవిడే. ఒకే తీగల వరుసకి ఇటు నేను, అటు ఆవిడ. ఆకుల సందుల్లోంచి ఆవిడ కళ్ళు నా మీదే ఉండేవి.

ఆ ఏడాది కోతలు మొదలైన రెండో వారానికి నా కుడి చేతి బొటనవేలు పట్టేసింది. పొద్దున కత్తెర పట్టుకోగానే వేలు వంగిన చోటే ఆగిపోయేది, ఎడమ చేత్తో లాగితే గానీ తిరిగి వచ్చేది కాదు. ఎవరికీ చెప్పలేదు. నెమ్మదిగా కోసేవాళ్ళని మేస్త్రి వచ్చే ఏడాది పిలవడు. కానీ విచిత్రంగా, నేను నింపే క్రేట్లు తగ్గలేదు. పైగా ఒకరోజు మేస్త్రి ఆగి, "ఏమ్మా, కత్తెరమ్మని దాటేసేలా ఉన్నావే," అన్నాడు. ఆ మాట మూటగట్టుకుని వెళ్ళి మా ఆయనకి మూడుసార్లు చెప్పాను. నొప్పి వేలికే గానీ పనికి కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆ వారంలోనే బొమ్మలమ్మ వచ్చింది.

ఆవిడ అసలు పేరేదో చెప్పింది గానీ మా నోళ్ళలో అది నిలవలేదు. నలభై ఏళ్ళ మనిషి, భుజాన పెద్ద సంచి, చంకలో అట్టలు, వేళ్ళ నిండా బొగ్గు మరకలు. కోసేవాళ్ళ బొమ్మలు గీసి, కోతల ఆఖరి రోజున ప్యాకింగ్ షెడ్డు గోడ మీద వరసగా పెడతానంది. యజమాని ఒప్పుకున్నాడట. పట్నం నుంచి జనం వచ్చి చూస్తారట.

"పండు తినేవాళ్ళకి కోసినవాళ్ళ ముఖం తెలియాలి కదమ్మా," అంది మధ్యాహ్నం బస్సు నీడన కూర్చుని.

"తెలిస్తే పండు ఇంకాస్త తియ్యగా ఉంటుందా?" అంది మా అత్త గుడ్డ లోపలి నుంచి.

మిగతావాళ్ళు మాత్రం ఎగబడ్డారు. భోజనం సగంలో వదిలేసి ముఖాలు కడుక్కునేవాళ్ళు, దువ్వెన చేతులు మారేది. ట్రాక్టర్ అతను తన చేతికి లేని గడియారం గీయమన్నాడు. కుడి చెంప మీద మచ్చ ఉన్నావిడ ఎడమ వైపు నుంచే గీయమంది. క్రేట్లు మోసే ఒకతని భార్య ఆ ఏడాది ఎక్కడో ఉల్లి పొలాల్లో చిక్కుకుపోయింది. అతను తనని అట్ట మధ్యలో కాకుండా ఒక పక్కకి గీయమన్నాడు. "పక్కన ఖాళీ ఉంచండి. అది వచ్చాక చూసుకుంటుంది," అన్నాడు. బొమ్మలమ్మ అలాగే ఉంచింది. ఆ బొమ్మ చూసినప్పుడు మాత్రం ఎవరూ వేళాకోళం చేయలేదు.

మా అత్త ఆ దరిదాపులకే పోలేదు. "నా ముఖం నాకే అక్కర్లేదు, గోడకెందుకు," అనేది. కారణం నాకు తెలుసు. గుడ్డ తీస్తే ఆ ముఖం యాభై నాలుగని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి.

నేను కూర్చున్నాను. గుడ్డ తీసేసి, చేతిలో గుత్తితో. "చేతుల్లోకి తీసుకో, పాపాయిని ఎత్తుకున్నట్టు," అంది బొమ్మలమ్మ. తీసుకున్నాను. రెండు మధ్యాహ్నాలు కదలకుండా కూర్చోవడం కోత కంటే కష్టమైంది. బొమ్మ బాగానే వచ్చింది. ముక్కు కొంచెం చిన్నది చేసింది, నేను అడ్డు చెప్పలేదు.

రంగు ఆరాక దాన్ని మా వరుస దగ్గరికి తెచ్చి చూపించింది. అత్త ఆకుల సందులోంచి తల పెట్టి చూసింది. చూసి, కత్తెర నడుముకి దోపుకుని, వరుస చుట్టూ తిరిగి ఇటు వచ్చింది. పని వేళలో ఆవిడ వరుస వదిలి రావడం అదే మొదటిసారి.

"ఎవరీ దొంగ?" అంది.

"నేనే అత్తా."

"నువ్వని తెలుస్తూనే ఉంది. దొంగతనానికి వచ్చినదానిలా ఆ పట్టుకోవడం ఏమిటి? గుత్తి నిండా వేళ్ళేనా?"

ద్రాక్ష పండు మీద సన్నటి తెల్లని పొడి ఉంటుంది, బూడిద పల్చగా జల్లినట్టు. వేలు తగిలితే చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. పొడి ఉన్న పండు ఇప్పుడే తీగ దిగినట్టు ఉంటుంది, పోయిన పండు చేతులు మారినట్టు ఉంటుంది. అందుకే కోసేవాళ్ళు కాడ తప్ప ఏదీ ముట్టుకోరు. పనిలో చేరిన తొలి గంటలో నేర్పేది అదే. పన్నెండేళ్ళుగా కోస్తున్న నేను, బొమ్మ కోసం కూర్చోమనేసరికి అది మర్చిపోయి గుత్తిని అరచేతుల్లో కుదురుగా పెట్టుకున్నాను. బొమ్మలమ్మకి తెలియదు. నాకు తెలిసి ఉండాలి.

"ఇది గోడకి పెడితే పండు తినేవాళ్ళకి ఏం తెలుస్తుంది?" అంది అత్త. "మేం పండ్లు నలిపేవాళ్ళమని తెలుస్తుంది. ఇటు చూడు."

తీగ మీద గుత్తిని కాడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంది. కత్తెర ఒకసారి పలికింది. గుత్తిని గాలిలో ఒక చుట్టు తిప్పి, ఎండిన కాయలు రెండు కత్తెర మొనతో తీసేసి, క్రేటులో పక్కకి వాల్చింది. ఒక్క పండుకీ వేలు తగల్లేదు. బొమ్మలమ్మ సంచిలోంచి కాగితం తీసింది.

"మళ్ళీ ఒకసారి అమ్మా," అంది.

"ఎందుకు?"

"తప్పు దిద్దుకుంటాను."

తప్పు దిద్దుకుంటానన్నవాళ్ళని కాదనడం మా అత్తకి రాదు. పదిసార్లు చూపించింది. ఆ పదిసార్లలోనే బొమ్మలమ్మ ఆవిడ చేతుల మాయలో పడిపోయింది.

తర్వాతి ఆదివారం మా గదికి వచ్చింది. కిటికీ పక్కన అత్తని కూర్చోబెట్టి, ఎదురుగా తాడుకి గుత్తి కట్టింది. అత్త షరతులు రెండు. ముఖానికి గుడ్డ తీయదు. కింద పేరు రాయకూడదు. బొమ్మలమ్మ రెండింటికీ సరే అంది. మా ఆయన స్టవ్ దగ్గర నిలబడి టీ కాస్తూ వాళ్ళమ్మని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

చాలాసేపు గీశాక బొమ్మలమ్మ మామూలుగా అడిగింది. "మీ వయసెంతమ్మా?"

"యాభై నాలుగు."

బొమ్మలమ్మ ఆ చేతుల వైపు చూసింది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి, చర్మం పల్చబడి నరాలు పైకి తేలాయి, చూపుడువేలు కత్తెర వైపే వంగి ఉండిపోయింది. జుట్టుకి రంగు వేయగలం గానీ చేతులకి ఏం వేస్తాం? బొమ్మలమ్మ మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.

గొడవ కోతలు ముగియడానికి పది రోజుల ముందు జరిగింది. ఆ ఆదివారం రంగు వేయాల్సిన రోజు. పాపిట దగ్గర తెల్లగా బయటపడుతోంది. నా వేలు ఆ రోజు మరీ పట్టేసి ఉంది. సాయంత్రం వేస్తానన్నాను.

"సాయంత్రానికి నీకు ఇంకో సాకు పుడుతుంది," అంది అత్త. "ఏ పనీ చెప్పిన వేళకి చేసిన మొహమా?"

"చేతకానిదాన్నా నేను? క్రేట్లలో నిన్నే దాటేస్తున్నానని మేస్త్రి అన్నాడు."

"ఆ, చూశాంలే నీ క్రేట్లు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. "నా క్రేట్ల మాటెత్తితే నీ అసలు వయసు మేస్త్రికి చెప్పేస్తా. అప్పుడు నీ కూతురింట్లో చాప మీద కూర్చుని రోజంతా రంగు వేసుకుందువు గాని," అన్నాను.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అత్త రంగు గిన్నె తీసుకుని, చిన్న అద్దం కిటికీకి ఆనించి, తనే వేసుకుంది. వెనక వైపు చేయి అందక అక్కడక్కడా వదిలేసింది. చెవి మీద నల్లటి మరక పడింది. మామూలప్పుడైతే తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఆ రోజు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు వరుసలో అటువైపు నుంచి ఒక్క మాట రాలేదు. కత్తెర మాత్రం ఎప్పటిలా ఒక్కసారే పలుకుతోంది. ఆకుల మధ్య గుడ్డ, గుడ్డ పక్కన నల్లటి చెవి. ఆ చెవిని చూస్తుంటే సిగ్గేసింది, అయినా నోరు విప్పలేదు. పౌరుషం కూడా మా ఇంట్లో వంశపారంపర్యమే, నేను కోడలిగా వచ్చి నేర్చుకున్నాను.

మధ్యాహ్నం బొమ్మలమ్మ తన కాగితాల కట్ట నా ముందు పెట్టింది. మూడు వారాలుగా తోటలో తిరుగుతూ గబగబా గీసుకున్నవి. నాకు నచ్చింది ఒకటి తీసుకోమంది. తిరగేస్తున్నాను. బస్సు, నీళ్ళ డ్రమ్ము, నిద్రపోతున్న ట్రాక్టర్ అతను. తర్వాత మా వరుస. వరుస చివర నుంచి చూసి గీసింది. నా వైపు ఎవరూ లేరు, సగం నిండిన నా క్రేటు మాత్రం ఉంది. అటువైపు నుంచి ఆకుల్లోంచి మోచేతుల దాకా రెండు చేతులు ఇటు చాచి, నా క్రేటులో గుత్తి పెడుతున్నాయి.

ఇంకో కాగితం తీశాను. అవే చేతులు. ఇంకోటి. నేను ఖాళీ క్రేట్ల కోసం వరుస చివరికి వెళుతూ వెనక నుంచి చిన్నగా కనబడుతున్నాను, నా వెనకాల ఆ చేతులు.

"ఇవి ఎప్పటివి?" అన్నాను.

"రోజూ చూస్తూనే ఉన్నాను. మీరిద్దరూ అలా పని చేసుకుంటారు కాబోలు అనుకున్నాను," అంది బొమ్మలమ్మ. "నువ్వు ఇటు వెళ్ళగానే ఆ చేతులు వచ్చేస్తాయి. ఎంత బాగుంటుందో చూడటానికి."

నేను దాటేశాననుకున్న మనిషి, తన క్రేట్లు పక్కన పెట్టి నావి నింపుతోంది. నా పేరు లిస్టులోంచి పోకూడదని. తన పేరే గాలిలో దీపమై ఉండగా.

"ఇవి గోడకి పెట్టకండి," అన్నాను. అలాగేనంది. ఒకటి మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

పని మొదలయ్యాక నా వైపు నుంచి ఆకులు పక్కకి తీశాను.

"అత్తా. నా వేలు సంగతి నీకెలా తెలుసు?"

అటు కత్తెర ఒక్కసారి పలికింది. "చెవులున్నాయి కదా," అంది. "గుత్తికి ఒకసారి పలకాల్సిన కత్తెర నాలుగుసార్లు పలుకుతుంటే తెలియదా?"

"చెప్పొచ్చు కదా."

"చెబితే ఏం చేస్తావు? ఏడుస్తావు. ఏడ్చినందుకు క్రేటు నిండదు."

"నిన్న నేనన్న మాట..." అన్నాను. ఆకుల మీదే కన్నీళ్ళు కారాయి. "తప్పైపోయింది అత్తా. నేను చచ్చినా చెప్పను. ఊరికే అన్నాను."

"ఊరికే అన్నావని నాకు తెలుసు. చెప్పేదానివైతే ఆ కార్డు బకెట్లో తడిపినప్పుడే చెప్పేదానివి," అంది. తర్వాత, "ఆ కింద గుత్తి వదిలేశావు చూడు."

కింద గుత్తి కోశాను. నీళ్ళ సీసా గుడ్డ మీద ఒంపి, ఆకుల్లోంచి చేయి అటు చాచి ఆవిడ చెవి తుడిచాను. రంగు అప్పటికే పట్టేసింది, పోలేదు. ఆవిడ మాత్రం చెవి ఇటు వంచి నిలబడింది.

ఆఖరి రోజున ప్యాకింగ్ షెడ్డు కడిగి, గోడ పొడవునా బొమ్మలు పెట్టారు. పట్నం వాళ్ళు మంచి బట్టలు వేసుకుని వచ్చి మెల్లగా నడుస్తున్నారు. ట్రాక్టర్ అతను తన బొమ్మ పక్కనే నిలబడి, గడియారం లేని చేతిని జేబులో దాచుకున్నాడు. ఖాళీ ఉంచిన బొమ్మ దగ్గర ఒక పెద్దావిడ చాలాసేపు ఆగింది. నా బొమ్మలో చేతులు మార్చి గీసింది బొమ్మలమ్మ, కాడ పట్టుకుని ఉన్నాను.

గోడ మధ్యలో అత్త. నిలువెత్తు. గుడ్డలోంచి కళ్ళు, కళ్ళ కింద ఆ రెండు చేతులు. ముడతలు, కణుపులు, వంగిన వేలు, గోళ్ళ కింద నలుపు, ఏదీ వదల్లేదు. వేళ్ళ మధ్య గుత్తి మీద పొడి ఉన్నది ఉన్నట్టు తెల్లగా ఉంది. నేను అంత అందమైనది అంతవరకు చూడలేదు. అత్త నా వెనక గుడ్డ చుట్టుకుని నిలబడి, చూడనట్టు చూస్తోంది.

యజమాని మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చి సరిగ్గా అక్కడే ఆగాడు.

"చాలా బాగుంది," అన్నాడు. దగ్గరికి వంగాడు. "ఇవి డెబ్బై ఏళ్ళ చేతుల్లా ఉన్నాయే. ఎవరీవిడ? అరవై దాటినవాళ్ళు వద్దన్నాను కదా?"

మేస్త్రి కళ్ళు మా వైపు వచ్చాయి. నా వెనక అత్త తన చేతులు కొంగు కింద దాచుకుంది.

"నావేనండీ," అన్నాను.

యజమాని నా చేతుల వైపు చూశాడు. నలభై ఏళ్ళ చేతులు, కాస్త మట్టి, ఒక వాచిన వేలు. బొమ్మ వైపు చూశాడు.

"అవునండీ, దీనివే," అన్నాడు మేస్త్రి. "బొమ్మలన్నాక కాస్త ఎక్కువ తక్కువలు ఉంటాయి."

ఇక బొమ్మలమ్మ వంతు. వారాల తరబడి కూర్చుని, ఒక్కో ముడతనీ మూడేసి సార్లు దిద్దిన మనిషి. తన పని మీద అంత మాట పడితే ఎవరికైనా రోషం వస్తుంది. ఆవిడ ఒకసారి అత్తని చూసింది.

"నీడలు ఎక్కువ పడ్డాయండీ," అంది. "చేతులు గీయడం నాకు అంతగా రాదు."

యజమాని తల ఊపి ముందుకి కదిలాడు. మేస్త్రి వెనకబడి, మా పక్క నుంచి వెళుతూ, ఎవరినీ చూడకుండా, "వచ్చే ఏడాది కూడా ఆ తడిసిన కార్డే తెచ్చుకోండి," అన్నాడు.

ఆఖరి రోజున తోటలో తలా ఒక గుత్తి ఇస్తారు. బస్సులో నా పక్కన కూర్చుని అత్త చాలాసేపు కిటికీ వైపే తిరిగి ఉంది. సంతోషపడుతుందనుకున్నాను. ముఖం చూస్తే మండిపడుతోంది.

"నా చేతులు నీవంటావా?" అంది.

"మరేం చేయమంటావు?"

"ఏం చేయమంటాను. అనేశావు. ఇక తప్పదు." గుత్తి నా ఒళ్ళో పెట్టింది. "పట్టుకో."

పట్టుకున్నాను. పండ్లకి వేళ్ళు తగిలాయని కొట్టినంత పని చేసింది. నా రెండు వేళ్ళు పట్టుకుని కాడ మీద పెట్టింది, పట్టేసిన బొటనవేలుని తన వేళ్ళతో మెల్లగా వంచి పక్కకి చేర్చింది. "నొప్పి ఉన్న వేలిని పనిలోకి లాగకు. ఈ రెండూ చాలు. నేను ఇరవై ఏళ్ళుగా రెండింటితోనే కోస్తున్నాను. పొడి చెరగకుండా దిగేదాకా పట్టుకో."

బస్సు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. దిగేదాకా ఆవిడ నా చేతి కింద తన చేయి తీయలేదు.

ఆ తర్వాత మా అత్త ఆ తోటకి ఇంకో ఆరు కోతలు వచ్చింది. ఆరేళ్ళూ యాభై నాలుగే. ఆ పై ఏడాది ఉల్లి పొలం పక్క గదిలో, మా ఇద్దరి మధ్య మంచం మీదే కళ్ళు మూసింది. చాప దాకా పోలేదు.

బొమ్మ ఇప్పటికీ ప్యాకింగ్ షెడ్డు గోడ మీద ఉంది. నేను ఇప్పటికీ ఆ తోటకి వెళుతున్నాను. నా వయసు యాభై నాలుగు, కొన్నేళ్ళుగా అంతే. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి కాడ పట్టుకోవడం నేనే నేర్పుతాను. వాళ్ళు ఆ బొమ్మ ముందు ఆగి, ఎవరివీ చేతులని అడుగుతారు. మా అత్తవి అని చెబుతాను. బొమ్మ వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూసి నవ్వుతారు. ఒక్కరూ నమ్మరు.